పెన్సిల్వేనియా రైలుమార్గపు ఇంజనులు: ఆకరగ్రంథ వివేచనము

ప్రాచీనకావ్యమును పరిష్కరింపబూనినవాడు మొదట ప్రతులను సేకరించును. వాని పౌర్వాపర్యమును నిర్ణయించుకొనును. ఏ ప్రతి దేనికి పుత్రికయో తెలిసికొనును. అటు పిమ్మటగాని పాఠము జోలికి పోడు. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చుండబెట్టి చేయించిన పని యిదియే. ఈ పద్ధతి కావ్యములకు మాత్రమే చెల్లునని మనలో పెక్కురు తలచుచున్నారు. ఇనుముతో చేసిన యంత్రమును గూర్చిన గ్రంథములకును అది యంతే చెల్లునని చూపుట యీ వ్యాసము యొక్క ఉద్దేశము.

దీని యవసరమును గూర్చి యొక మాట. శాస్త్రవిషయములను, యంత్రముల చరిత్రను తెలుగున వ్రాయువారు తరచుగా ఆంగ్లమున చేతికి దొరికిన మొదటి పుస్తకమును తెచ్చి, అందలి సంఖ్యలను, సంవత్సరములను ఉన్నవున్నట్లు దింపుచుందురు. ఆంగ్లమున ఒక పుస్తకములోని తప్పును మరియొక పుస్తకము దిద్దును. తెలుగున అట్టి విషయముపై రెండవ పుస్తకము వెలువడుటయే యరుదు. కావున ఒకసారి అచ్చయిన తప్పు మన భాషలో చిరంజీవియై కూర్చుండును. విజ్ఞానసర్వస్వమునకు వ్రాయువాడు మూలమును ఎన్నుకొనుటలో చూపవలసిన జాగ్రత్త, అందుచేత, ఆంగ్లరచయిత చూపవలసిన దానికంటె ఎక్కువ.

ఉదాహరణమునకు అమెరికాదేశపు పెన్సిల్వేనియా రైలుమార్గమును గ్రహించితిని. 1846 ఏప్రిల్ 13వ తేదీన దానికి శాసనాధికారము లభించినది. ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గు నగరములను కలుపుటకై పుట్టిన ఆ సంస్థ 1854లో ఆల్టూనా సమీపమున గుఱ్ఱపునాడా వంటి వంపుతో ఎలగెనీ పర్వతములను దాటినది. క్రమముగా న్యూయార్కు నుండి షికాగో వరకు వ్యాపించి, తన్ను తాను ‘ప్రపంచమునకు ప్రమాణమైన రైలుమార్గము’ అని చెప్పుకొనినది. 1968 ఫిబ్రవరి 1వ తేదీన న్యూయార్క్ సెంట్రల్ సంస్థతో విలీనమై పెన్ సెంట్రల్ అను పేర మరుగుపడినది. నేడు న్యూజెర్సీలోని ఎడిసన్ ప్రాంతమున నివసించు తెలుగువారు పనిమీద న్యూయార్కు నగరమునకు పోవు ఇనుపదారి యొకప్పుడు ఈ సంస్థదే. పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి కోవెలను దర్శింప పిట్స్‌బర్గు చేరువారిలో కొందరైనను ఆ గుఱ్ఱపునాడా వంపును చూచియే యుందురు.

ఈ మార్గమునే యెన్నుకొనుటకు కారణమున్నది. ఇతర సంస్థలు పెక్కు తమ ఇంజనులను నిర్మాతల యొద్ద కొనుచుండగా, ఈ సంస్థ ఆల్టూనాలోని తన కర్మాగారముననే వేలకొలది ఇంజనులను స్వయముగా రూపించి నిర్మించినది. ఉచ్ఛ్రాయదశయందు దానికి ఏడువేలకు పైగా ఆవిరి ఇంజను లుండెను. ఇన్ని యంత్రములను వర్గీకరించుటకు అది యేర్పరచుకొన్న సంజ్ఞాపద్ధతి వ్యాకరణము చదివినవారికి ఆహ్లాదము కలిగించునట్టిది. ఆకరగ్రంథములను చదువునపుడు మనము పడు పొరపాటులలో సగము ఈ సంజ్ఞల వలననే కలుగును గనుక దానిని కొంత వివరింతును.

1895 నాటి సంస్కరణము ప్రకారము ప్రతి చక్రవిన్యాసమునకు ఒక యక్షరము. ముందు వెనుక చిన్నచక్రములు లేక నాలుగు చోదకచక్రములే యున్నది ఏ, ఆరున్నది బి, ముందు నాలుగు చిన్నచక్రములు, వాని వెనుక నాలుగు చోదకచక్రములు గలది డి, దానికి వెనుక మరి రెండు చేరినచో ఇ, ముందు నాలుగు, నడుమ ఆరు గలది జి, దానికి వెనుక రెండు చేరినచో కె. అక్షరము తరువాతి అంకె ఆ జాతిలోని రూపభేదమును తెలుపును. దాని వెనుక చిన్న యక్షరములు అనుబంధముల వలె చేరును. ఎస్ అను అనుబంధము ఆవిరిని అధికముగా వేడిచేయు సూపర్‌హీటరు కలదని చెప్పును. కావున కె4ఎస్ అన్నచో, ముందు నాలుగు, నడుమ ఆరు, వెనుక రెండు చక్రములు గల జాతిలో నాలుగవ రూపము, సూపర్‌హీటరు గలది, అని యర్థము. విద్యుత్తుతో నడచు ఇంజనులకు ఆ అక్షరములే ఆమ్రేడితమగును: జి జాతి చక్రవిన్యాసమును వెన్నువెన్నుగా జతపరచినచో జిజి. 1934 మొదలు 1943 వరకు నిర్మితములైన 139 జిజి1 ఇంజనుల పేరునకు ఇదియే వ్యుత్పత్తి.

ఇంతవరకు సుబోధమే. చిక్కంతయు కాలభేదమున నున్నది. 1895కు పూర్వము అక్షరములకు చక్రములతో సంబంధము లేదు; ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క యక్షరము పెట్టుచుండిరి. 1881 నాటి కె తరగతి ఇంజను ముందు నాలుగు, నడుమ నాలుగు చక్రములది; క్రొత్త పద్ధతిలో దానికి డి6 అని పేరు మారినది. 1914 నాటి కె జాతితో దానికి నామసామ్యము తప్ప చుట్టరికము లేదు. పందొమ్మిదవ శతాబ్దపు నివేదికలో కె అని చూచి, ఇరువదవ శతాబ్దపు పట్టికలో కె క్రింద వెదకువాడు లేని వంశవృక్షమును కల్పించినవాడగును.

రెండవ చిక్కు మరింత సూక్ష్మము. సూపర్‌హీటరు సర్వసాధారణమైన పిమ్మట క్రొత్త జాతులకు ఎస్ అనుబంధమును చేర్చుట మానిరి. 1923లో ఆరంభమైన ఎం1 జాతికి ఆ అక్షరము లేదు, సూపర్‌హీటరు మాత్రము కలదు. 1910 ప్రాంతమున నిర్మితమైన ఇంజను పేరున ఎస్ లేకున్నచో సూపర్‌హీటరు లేదనియే యర్థము. ఎం1 పేరున ఎస్ లేకున్నచో అట్టి యర్థము లేదు. లోపమును అభావముగా గ్రహింపరాదని మనకు వ్యాకరణము నేర్పుచున్నది గదా! మంచి ఆకరగ్రంథము ఈ భేదమును ఆదిలోనే చెప్పును. చెప్పని గ్రంథమును పట్టికల కొరకు నమ్మరాదు.

ఇక గ్రంథముల సంగతి. పాల్ టి. వార్నర్ 1924లో ప్రకటించిన చరిత్ర 1831 మొదలు ఆ సంవత్సరము వరకు ఈ మార్గపు ఇంజనుల పరిణామమును చెప్పును. వార్నరు బాల్డ్విన్ కర్మాగారమునకు చెందినవాడు, యంత్రము తెలిసినవాడు. పాతసంజ్ఞలు క్రొత్తసంజ్ఞలుగా మారిన తీరును తెలిసికొనుటకు ఇది ముఖ్యాశ్రయము. నిర్మాతల పక్షపు రచన గనుక ఇంజను విజయములు పెద్దగా, వైఫల్యములు చిన్నగా కనబడుట సహజమని పాఠకుడు ముందే గుర్తుంచుకొనవలెను.

విలియం డి. ఎడ్సన్ 1974లో ప్రకటించిన పట్టిక పూర్తిగా వేరు ధోరణిది. 1906 నుండి ఈ సంస్థకై నిర్మింపబడిన ఆవిరి, విద్యుత్ ఇంజనుల లెక్క అది. చదువుట కింపైన పుస్తకము కాదు; నిఘంటువు ఇంపుగా నుండవలెనని యెవరు కోరుదురు? ఈ సంస్థ విషయమున అట్టి పట్టిక లేకున్న పని సాగదు. ఒక జాతి ఇంజనులకు వరుససంఖ్య లిచ్చు అలవాటు ఇతర సంస్థలకు కలదు. ఇచ్చట ఖాళీయైన పాతసంఖ్యలను క్రొత్త ఇంజనులకు పంచుచు వచ్చిరి. 1914 మొదలు 1928 వరకు 425 కె4ఎస్ ఇంజనులు పుట్టినవి. వానిలో 350 ఆల్టూనాలోని జునియాటా కర్మాగారమున, 75 బాల్డ్విన్ యొద్ద నిర్మితములు. వాని సంఖ్యలు కొన్ని వరుసగాను, కొన్ని చెదరియు నుండును. ఒకే సంఖ్యను వేర్వేరు కాలములలో వేర్వేరు యంత్రములు ధరించుటయు కలదు. సంఖ్యను బట్టి జాతిని ఊహించుట కిచ్చట వీలులేదు.

ఆల్విన్ ఎఫ్. స్టాఫర్ 1962లో ప్రకటించిన ‘పెన్సీ పవర్’ ఈ విషయమున మిక్కిలి ప్రసిద్ధిగాంచినది. 1968లో రెండవ సంపుటము, 1993లో మూడవది వచ్చినవి. మొదటి సంపుటము 1900 నుండి 1957 వరకు గల కాలమునకు చెందినది; 1957తో ఆ మార్గమున ఆవిరి ఇంజనుల సేవ ముగిసినది. ఛాయాచిత్రములు, పటములు సమృద్ధములు. రచన ప్రేమతో కూడినది. పాదసూచికలతో నడచు గ్రంథము కాదు. అభిమాని కొరకు అభిమాని వ్రాసిన యీ పుస్తకమును పండితులు కొందరు చిన్నచూపు చూచుట నాకు సమ్మతము కాదు. ఆవిరి ఇంజనులు కంటియెదుట మాయమగుచున్న దినములలో వాని రూపములను పోగుచేసినవానికి మనము ఋణపడియున్నాము. అయినను పటము క్రింది వాక్యము వేరు, పటము వేరు. పటము ప్రత్యక్షప్రమాణము; వాక్యము శబ్దప్రమాణము. రెండింటికి ఒకే విలువ నిచ్చుట తగదు.

ఈ సందర్భమున 7002 సంఖ్య గల ఇంజను వృత్తాంతము చెప్పక తీరదు. 1905 జూన్ మాసమున న్యూయార్కు, షికాగోల నడుమ పదునెనిమిది గంటలలో చేరు పెన్సిల్వేనియా స్పెషల్ అను బండిని ప్రవేశపెట్టిరి. తొలినాళ్లలోనే ఒహాయో రాష్ట్రమున 7002 సంఖ్య గల ఇ2 జాతి ఇంజను మూడు మైళ్లను 85 సెకనులలో గడచినదని ప్రకటితమైనది. లెక్కవేసినచో గంటకు 127 మైళ్లు. ఈ సంఖ్య యెన్ని పుస్తకములకు ఎక్కినదో చెప్పలేము. కొందరు దానిని ప్రపంచవిజయముగా కీర్తించిరి. పరిశీలకులలో పెక్కురు అంగీకరింపలేదు. ఏలయన, ఆ వేగము బండిలోని యే పరికరమో కొలిచినది కాదు. దారిలో రెండు స్థలముల యొద్ద గుర్తించుకొన్న కాలముల అంతరము నుండి గుణించినది. ఒక చోటి గడియారము పదిసెకనులు ముందును, మరియొక చోటిది పదిసెకనులు వెనుకయు నున్నచో 85 సెకనులు 105 అగును, వేగము 103 మైళ్లకు దిగును. ఇది ప్రత్యక్షము కాదు, అనుమానము. ఆ అనుమానమునకు హేతువైన గడియారములే పరీక్షకు నిలువలేదు. ఈ సంగతి చెప్పక 127 అని యొక్క సంఖ్యను మాత్రము ముద్రించు గ్రంథము ఆకరగ్రంథమగునా?

కథ ఇంతతో ముగియలేదు. ఆ ఇంజనును 1930 దశకమున తుక్కుక్రింద విరిచివేసిరి. తరువాత దాని కీర్తి సంస్థవారికి గుర్తుకు వచ్చినది. ప్రదర్శనముల కొరకు 8063 సంఖ్య గల ఇ7ఎస్ జాతి ఇంజనును తెచ్చి, పాతరూపమునకు దగ్గరగా మార్చి, 7002 అని సంఖ్య వేసిరి. అదియే నేడు స్ట్రాస్‌బర్గులోని పెన్సిల్వేనియా రైలుమార్గ వస్తుప్రదర్శనశాలయందున్నది. మంచి యంత్రమే, 1902లో పుట్టినదే. కాని ఆ రాత్రి పరుగెత్తినది అది కాదు. ప్రక్షిప్తపద్యము మూలకవి శయ్యను చక్కగా అనుకరించినంత మాత్రమున మూలపద్య మగునా? ప్రక్షిప్తమునకును ఒక చరిత్ర కలదు, అది చదువదగినదే. ప్రక్షిప్తమని యెరిగి చదువవలెను.

ఇట్టిదే మరియొకటి కలదు. కె4ఎస్ జాతికి ఆద్యము 1914 నాటి 1737 సంఖ్య గల ఇంజను. దానిని భద్రపరుపదలచి, అది మిక్కిలి శిథిలమై యుండుట చేత, 1920లో పుట్టిన 3750ని దాని స్థానమున నిలిపి 1737 సంఖ్యను తొడిగిరి. అసలు 1737 నశించినది. ఇప్పుడు 3750 స్వీయసంఖ్యతో స్ట్రాస్‌బర్గున నున్నది. మిగిలిన రెండవ కె4ఎస్, 1361 సంఖ్య గలది, 1957 మొదలు 1985 వరకు ఆ గుఱ్ఱపునాడా వంపుకడ ప్రదర్శితమై ఆల్టూనాకు చెందియున్నది. ఈ రెండింటిని 1987లో పెన్సిల్వేనియా రాష్ట్రము తన అధికారిక ఆవిరి ఇంజనులుగా ప్రకటించినది. సంఖ్య మారియున్న దినములలో తీసిన ఛాయాచిత్రములు మాత్రము ‘1737, ఆద్య కె4ఎస్’ అను వాక్యముతో ఏ పుస్తకములోనికైనను ప్రవేశింపవచ్చును. అచ్చట కన్ను అబద్ధమాడుట లేదు. కంటి యెదుటి సంఖ్యయే అబద్ధము.

ఏ గ్రంథమునైనను కొనుటకు ముందు 7002 ఉన్న పుటను, 1737 ఉన్న పుటను విప్పి చూచుట నా యభ్యాసము. ఆ రెండుచోట్ల వివేకము చూపిన గ్రంథకర్త తక్కినచోట్ల సాధారణముగా నమ్మదగియుండును. అయితే గ్రంథములకు కాలపుటెల్లలున్న సంగతి మరువరాదు. 7002 పుట్టినది 1902లో. ఎడ్సన్ పట్టిక ఆరంభము 1906. అందు అది కనబడలేదని ఎడ్సన్‌ను నిందింప పనిలేదు. మారుసంఖ్య ధరించుట 1924 తరువాతి వృత్తాంతము; కావున వార్నరు దానిని చెప్పజాలడు. పుస్తకపు పేరున నున్న సంవత్సరములను అలంకారముగా భావించి దాటిపోవువాడు లేనిదానిని వెదకుచు కాలము పోగొట్టుకొనును.

యంత్రము పని చేసిన తీరును తెలియగోరువానికి పై మూడును చాలవు. 1904లో సెయింట్ లూయీ నగరపు ప్రదర్శనమున ఈ సంస్థ ఇంజనును నిలిపియుంచియే నడిపి పరీక్షించు యంత్రశాల నొకదానిని నెలకొల్పినది. చక్రములు తిరుగును, బండి కదలదు. బొగ్గు, నీరు, లాగుబలము మూడును కొలువబడును. ఎనిమిది ఇంజనులు పరీక్షితములైనవి. వానిలో ఫ్రాన్సు నుండి తెచ్చిన డి గ్లేన్ పద్ధతి ఇంజను కూడ నొకటి. ఆ ఫలితములు 1905లో గొప్ప గ్రంథముగా వెలువడినవి. పిమ్మట ఆ శాలను ఆల్టూనాకు తరలించి, పరీక్షల వివరములను ప్రత్యేకపత్రములుగా ప్రకటించిరి. నా దృష్టిలో ఈ మార్గపు వాఙ్మయమున ఇవియే శిలాశాసనముల వంటివి. ఇ6 జాతి యెట్లు ఉద్భవించినదో, ఆ పరీక్షల కందు గల పాత్ర యేమో తెలియుటకు ఫ్రెడరిక్ వెస్టింగ్ 1963లో వ్రాసిన గ్రంథము చూడదగినది. 83 ఇంజనులు మాత్రమే గల ఒక్క జాతిపై ఒక గ్రంథము! మన వారు ఒక్క శతకముపై ఒక సిద్ధాంతవ్యాసము వ్రాసినట్లున్నది. ఫలితము మాత్రము సరసముగా నున్నది.

సంస్థ చరిత్రకు 1949లో బర్గెస్, కెనెడీ గార్లు రచించిన శతవార్షికచరిత్ర కలదు. సంస్థయే ప్రకటించినది, రచయితలు ఇంజనీరింగు సలహాదారుల కార్యాలయమునకు చెందినవారు. మార్గములెట్లు చేరినవి, ధనమెట్లు సమకూడినది అను విషయములకు దానిని చూడవలెను. కరణములు వ్రాసియిచ్చిన కైఫీయతుల వలె నమ్మదగిన స్థానిక సమాచారము పుష్కలము. ఏలినవారిపై విమర్శ మృగ్యము. ఆ లోటును ఆల్బర్ట్ చర్చెల్లా గారి బృహత్సంపుటములు తీర్చుచున్నవి.

యుద్ధకాలపు టి1 జాతి విషయమున ఈ తారతమ్యము బాగుగా బయటపడును. 1942లో రెండు, 1945-46లో ఏబది, మొత్తము 52 ఇంజనులు. ఒకే చట్రమున నాలుగేసి చోదకచక్రముల జతలు రెండు. రేమండ్ లోవీ తీర్చిన సొరచేప ముఖము వంటి రూపము. కొలది సంవత్సరములకే డీసెలు ఇంజనులకు చోటిచ్చి యవి నిష్క్రమించినవి. అవి గంటకు 140 మైళ్లు పరుగెత్తినవని ఒక కథ. చక్రములు జారుట తప్ప మరేమియు నెరుగవని మరియొక కథ. బొమ్మలపుస్తకములలో మొదటి కథ, సంగ్రహచరిత్రలలో రెండవది వ్యాపించినవి. మూలపత్రములు చూచి వ్రాసిన వ్యాసములు తరచుగా గ్రంథములలో గాక పత్రికలలో నుండును. 1974లో స్థాపితమైన పెన్సిల్వేనియా రైలుమార్గ సాంకేతిక చారిత్రక సంఘము వారి ‘కీస్టోన్’ పత్రిక, 1921 నాటి రైలుమార్గ ఇంజను చరిత్రసంఘపు సంచికలు అట్టివి. సంస్థ పత్రములు డెలవేర్‌లోని హాగ్లీ గ్రంథాలయమునను, హారిస్‌బర్గులోని రాష్ట్రపత్రభాండాగారమునను, మరికొన్ని చోట్లను చెదరియున్నవి. హాగ్లీ యందు పనిచేసిన క్రిస్టఫర్ బేర్ గారు కూర్చిన సంవత్సరానుక్రమణిక ఆ యరణ్యమున దారి చూపును.

ధనము స్వల్పముగా గల గ్రంథాలయము మొదట ఎడ్సన్ పట్టికను సంపాదింపవలెను, తరువాత స్టాఫర్ మొదటి సంపుటమును, మూడవదిగా వార్నరును. చాలమంది దీనిని తలక్రిందుగా చేయుదురు. బొమ్మలున్న పుస్తకమును మొదట కొని, పట్టిక కొనుటకు ధనము మిగుల్చుకొనరు. పట్టిక లేనిదే బొమ్మల క్రింది వాక్యములను పరీక్షించుట సాధ్యము కాదు. డీసెలు ఇంజనుల విషయము వేరు. వాని నిర్మాతలు వేరు, వాని గ్రంథములు వేరు. ఇచ్చట వానిని ముట్టుకొనలేదు.

తెలుగున ఈ సంజ్ఞలను వ్రాయు పద్ధతిని గూర్చి యొక చిన్న సూచన. కొందరు ‘కె’ అనుటకు మారుగా ‘పసిఫిక్’ అనియో, ‘ఆరు చక్రముల ఇంజను’ అనియో అనువదించుచున్నారు. అట్లు చేసినచో కె4ఎస్‌కును, దానికంటె పూర్వపు కె2కును భేదము నశించును. అక్షరమును, అంకెను, అనుబంధమును యథాక్రమముగా నుంచుటయే మేలు. ఇందు మన లిపికొక సౌకర్యము కూడ కలదు. పది చోదకచక్రములతో సరుకుబండ్లను లాగిన ఐ1ఎస్ జాతి ఇంజనులు 598 కలవు. రోమనులిపిలో ఆ పేరునందలి మొదటి యక్షరము, ఆ వెంటనే వచ్చు ఒకటి అంకె రెండును నిలువుగీతలే; పాత టైపుప్రతులలో దానిని పదకొండుగా చదువుటకు అవకాశము గలదు. తెలుగున ఐ1ఎస్ అని వ్రాసినచో ఆ భ్రాంతికి తావే లేదు.